ఫరీన్ ఆగే గోడ

ఓవిలా బండి మీదే పోయాడు. ఏప్రిల్ నెలలో, మంచి ఎండలో, చేతిలో పగ్గాలు ఉండగానే పోయాడు. మాంట్రియల్ పాతపేటలో గుర్రపుబండ్లు తోలుకుని బతికిన మా అందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా మేం పైకి అనుకోని సంగతి ఇంకొకటి ఉంది.

ఆ రోజు ఆయన బండి ఊరు చుట్టి వచ్చి, ఎప్పటిలాగే నోత్రదామ్ చర్చి ముందు, నా బండి వెనక ఆగింది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు, అక్కచెల్లెళ్ళు. ఆయన దిగి చెయ్యి అందిస్తాడని కాసేపు చూశారు. చివరికి అక్క నన్ను పిలిచింది. నేను వెళ్ళి ఓవిలా మోకాలు తట్టాను. తర్వాత చెంప మీద చెయ్యి పెట్టాను. రాతిని ముట్టుకున్నట్టుంది. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు. సగం దారి తిరగకముందే పోయి ఉంటాడన్నాడు.

"అదెలా కుదురుతుందండీ? చివరిదాకా మాకు అన్నీ చెబుతూనే ఉన్నాడు కదా!" అంది అక్క. చెల్లెలు కూడా అవునంది.

డాక్టరు ఆ మాట పట్టించుకోలేదు. మేం విన్నాం. విని, ఎవరి గుర్రానికి వాళ్ళం నీళ్ళు పెట్టుకునే పనిలో పడ్డాం.

నేను చెప్పదలచుకున్నది ఓవిలా గురించి కాదు. ఆయన గుర్రం ఎవరి చేతికి వచ్చిందో ఆ మనిషి గురించి. ఆమె పేరు ఒడీల్ లాదుసూర్.

ఒడీల్ పుట్టింది సాంత్ యాసాంత్ దగ్గర ఒక పాడి రైతు ఇంట్లో. పెళ్ళి చేసుకుని పట్నం వచ్చి, చాలా ఏళ్ళు షబానెల్ వీధిలో బట్టల ఫ్యాక్టరీలో ప్యాంట్లకు జిప్పులు కుట్టింది. ఆ ఫ్యాక్టరీ మూతపడిన వారం, ఏం చెయ్యాలో తోచక ఊరంతా తిరుగుతూ నోత్రదామ్ చర్చి ఎదుటి ప్లాస్ దార్మ్ కూడలికి వచ్చింది. అక్కడ మా గుర్రాల మెడల మీద చెయ్యి వేసి, సాయంత్రం దాకా కదల్లేదు. మర్నాడు గుర్రపుశాలలో పేడ ఎత్తుతూ కనిపించింది. ఏడాది తిరిగేసరికి బండి తోలుతోంది.

భుజాలు వెడల్పు, గొంతు పెద్దది. ఆమె నవ్వితే గుర్రాలు బెదిరేవి. మొగుడి సంగతి అడిగితే, "ఫ్లోరిడా పోయి అక్కడే ఉండిపోయాడు. వాడికి చలి పడదు, నాకు వాడు పడడు," అనేది. భవనాల పుట్టుపూర్వోత్తరాలు ఆమెకు ఎప్పుడూ నోటికి రాలేదు. ఒకే చర్చి గురించి పొద్దున ఒక కథ, సాయంత్రం మరో కథ చెప్పేది. "ఫెర్నాన్ బాబాయ్, వాళ్ళేమైనా పరీక్ష రాస్తారా? నవ్వుతూ ఇంటికి పోతే చాలదూ?" అనేది నాతో.

ఓవిలా పోయిన ఆ వేసవిలో ఆమె గుర్రానికి కాలు కుంటుపడింది. దాన్ని పల్లెకు పంపేశారు. శాల యజమాని దగ్గర ఖాళీగా ఉన్నది ఓవిలా గుర్రం ఒక్కటే. బూడిద రంగు ఆడగుర్రం, ఒంటినిండా పిండి చల్లినట్టు తెల్లచుక్కలు. నది ఒడ్డున పిండిమిల్లు నెత్తిన ఎర్రగా వెలిగే అక్షరాలు చూసి ఓవిలా దానికి ఫరీన్, అంటే ఫ్రెంచిలో పిండి, అని పేరు పెట్టాడు. దాన్ని తీసుకోమని యజమాని ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి దాని నడక నచ్చలేదు. నేనూ వద్దన్నాను. ఒడీల్ మాత్రం దాని నుదురు రుద్ది, "మగాళ్ళంతా పారిపోయారే పిల్లా. మిగిలింది నువ్వూ నేనూ," అని జీను వేసింది.

మొదటి వారంలోనే ఆమెకు అర్థమైంది, దారి ఎంచేది తను కాదని. ఫరీన్ ఓవిలా తిరిగే చోట్లే తిరిగేది, ఓవిలా ఆపే చోట్లే ఆగేది. ఆగి, రెండు చెవులూ వెనక్కి పెట్టి వినేది. ఒడీల్ ఏదో ఒకటి మాట్లాడి ఆపేస్తే కదిలేది. మాట్లాడకపోతే కదిలేది కాదు.

"నేనేం వాగినా ఒప్పుకుంటుంది బాబాయ్. నా జన్మలో ఇంత మంచి శ్రోత దొరకలేదు," అని నవ్వింది.

నవ్వు ఆగిపోయింది గోడ దగ్గర.

ప్లాస్ దియువిల్ కూడలి దాటాక, నదివైపు దిగే ఒక సన్నటి వీధిలో అప్పట్లో కార్లు నిలిపే ఖాళీ స్థలం ఉండేది. దాని పక్కన, కూల్చేసిన ఏదో ఇంటి తాలూకు ఇటుకగోడ ఒకటి మిగిలి ఉండేది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. మేమెవరం ఆ వీధిలోకి బండి తిప్పేవాళ్ళం కాదు. ఫరీన్ తనంతట తనే తిరిగి, ఆ గోడ ముందు ఆగింది. ఆ రోజు బండిలో టొరంటో నుంచి వచ్చిన కొత్త జంట ఉన్నారు.

"ఇక్కడ ఏముందండీ?" అని అడిగాడు పెళ్ళికొడుకు.

"ఇక్కడా? నన్‌లు బీరు కాచేవాళ్ళు," అంది ఒడీల్ తడుముకోకుండా.

ఫరీన్ కదల్లేదు. ఒడీల్ ఆ నన్‌ల కథకు ఒక అగ్నిప్రమాదం కలిపింది. కదల్లేదు. ఒక ఇంగ్లీషు జనరల్‌ని తెచ్చి అందులో కాల్చింది. అయినా కదల్లేదు. చివరికి కిందికి దిగి, కళ్ళెం పట్టుకుని లాగుతూ, చర్చిలో పూజసామాన్ల పేర్లన్నీ వరసపెట్టి తిట్టింది; మా వైపు బూతులంటే అవే. పెళ్ళికూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. గుర్రం మాత్రం రాయిలా నిలబడింది. కాసేపటికి, ఎవరూ ఏమీ అనకుండానే, నిట్టూర్చినట్టు ముక్కుతో గాలి వదిలి నడక మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం శాలలో జీను తీస్తూ ఒడీల్ నాతో మెల్లగా అంది. ఆమె మెల్లగా మాట్లాడ్డం నేను అంతకుముందు వినలేదు.

"అన్ని చోట్లా దాని చెవులు వెనక్కి, నా వైపు ఉంటాయి బాబాయ్. అక్కడ మాత్రం ముందుకి. గోడ వైపు కూడా కాదు, గోడ పైకి. అక్కడ ఉన్నదంతా ఆకాశమే. మూడో అంతస్తు ఎత్తున ఎవరో ఉన్నట్టు తలెత్తి చూస్తుంది."

"పావురాలేమోలే."

"ఒక్కటి లేదు."

వేసవంతా అలాగే గడిచింది. రోజూ ఆ గోడ, రోజూ ఆ నిలబడ్డం. ఒడీల్ వేరే వీధిలోకి పగ్గం లాగేది, ఫరీన్ మెడ బిగించి ఇటే తిరిగేది. యాత్రికులు ఫొటోలు తీసుకునేవాళ్ళు, గోడకి.

అక్టోబరులో చెట్లన్నీ ఎర్రబడినప్పుడు, ముసలావిడ ఒకరు మా బండ్ల వరస పొడుగునా నడుస్తూ ఒక్కో గుర్రాన్నీ చూసుకుంటూ వచ్చింది. ఫరీన్ దగ్గర ఆగింది. నేను గుర్తుపట్టాను. ఓవిలా చివరి బండిలో కూర్చున్న అక్కచెల్లెళ్ళలో అక్క. పేరు థెల్మా అని చెప్పింది. కింగ్‌స్టన్‌లో చిన్నపిల్లలకి బడిలో పాఠాలు చెప్పి రిటైరైందట. ఒడీల్‌కి ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టి నేను పక్కన నిలబడి మాట అందించాను.

"ఈ గుర్రాన్ని మీరు తోలుతున్నారా? అయితే మిమ్మల్నే అడగాలి," అంది థెల్మా. "ఆయన బండి ఒక గోడ దగ్గర ఆపారు. మీరు ఆపుతారా?"

ఒడీల్ నోట్లో సిగరెట్టు కిందికి దించింది. "నేను ఆపను. ఇది ఆపుతుంది. ఆయన అక్కడ ఏం చెప్పేవాడు? అది చెప్పండి తల్లీ, చచ్చి మీ కడుపున పుడతాను."

నేను అందులో సగమే ఇంగ్లీషులోకి మార్చాను.

"మాకేమీ చెప్పలేదండీ. టోపీ తీసి పైకి చూశారు. ఫ్రెంచిలో ఏదో అడిగారు. నాకు పిల్లలకి చెప్పేపాటి ఫ్రెంచి వచ్చు. 'ఇవాళ దిగి వస్తావా?' అని అడిగారు. కాసేపు విన్నారు. 'సరే, ఇంకో రోజు,' అని టోపీ పెట్టుకున్నారు. బండి కదిలింది."

"ఎవరితో అన్నాడు?"

"అది మిమ్మల్ని అడుగుదామనే ఇంత దూరం వచ్చాను."

తర్వాత థెల్మా చేతిసంచీ పట్టీని వేళ్ళకు చుట్టుకుంటూ మిగిలింది కూడా చెప్పింది. గోడ దాటక ముందు ఓవిలా ప్రతి చోటా వెనక్కి తిరిగి, వాళ్ళ మొహాల్లోకి చూస్తూ మాట్లాడాడట. గోడ దాటాక ఒక్కసారీ తిరగలేదట.

"మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయండీ. అదే గొంతు. కానీ ఎదర నుంచి కాదు. మా సీటు వెనక నుంచి. బండి పక్కనే నడుస్తూ ఎవరో చెబుతున్నట్టు. నేను తిరిగి చూశాను కూడా. రోడ్డు ఖాళీగా ఉంది. మా చెల్లెలికి నవ్వొస్తుందని ఆ రోజు అనలేదు. ఇంటికెళ్ళాక అదే నన్నడిగింది, 'అక్కా, ఆ గొంతు ఎటు నుంచి వచ్చింది?' అని."

ఆవిడ వెళ్ళిపోయింది. అప్పుడు నాకు బియాత్రిస్ గుర్తొచ్చింది.

ఓవిలా భార్య. మాలో ఎవరమూ ఆవిణ్ణి చూడలేదు. గాస్పే సముద్రతీరం నుంచి కొత్త పెళ్ళికూతురుగా వచ్చి, ఆ వీధిలోనే ఒక అద్దె కొంపలో, మూడో అంతస్తు గదిలో కాపురం పెట్టింది. ఎందుకో తెలీదు, వచ్చిన కొన్నాళ్ళకే గుమ్మం దాటడం మానేసింది. మెట్ల దాకా వచ్చేదట, ఒళ్ళంతా వణికి వెనక్కి పోయేదట. చొక్కాలకు కాజాలు కుడుతూ కిటికీ దగ్గర కూర్చునేది. ఓవిలా ఒకసారి, మంచు కురిసే రోజున, శాలలో పొయ్యి ముందు కూర్చుని నాతో అన్నాడు. "ఫెర్నాన్, జపాన్ వాళ్ళకి చూపించానురా ఈ ఊరు. బ్రెజిల్ వాళ్ళకి చూపించాను. మా ఆవిడ చర్చి గంట వినడమే గానీ గంట ఉన్న గోపురం చూడలేదు. రోజూ కింద బండి ఆపి అడుగుతాను. ఇంకో రోజు అంటుంది." ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ ఆ గదిలోనే జబ్బుచేసి పోయింది. ఆ ఇంటిని కూల్చేశారు. ఆయన ఇంకా అడుగుతున్నాడని మాత్రం నాకు తెలీదు.

ఇదంతా ఒడీల్‌కి చెప్పాను. ఆమె సిగరెట్టు చివరిదాకా తాగి, "రేపు నేను రావట్లేదు," అంది.

మర్నాడే కాదు, చాలా రోజులు రాలేదు. ఫరీన్ శాలలో దాణా సరిగా ముట్టలేదు. నవంబరు వచ్చింది. మా బండ్లకు గిరాకీ లేని కాలం. ఒక పొద్దున నది మీద నుంచి పొగమంచు లేచి ఊరిని కప్పేసింది. చర్చి గోపురాలు సగం నుంచి పైకి లేవు. పిండిమిల్లు అక్షరాలు లేవు. ఇవాళ ఎవరూ రారని బండ్లు విప్పేద్దామనుకుంటుంటే, ఒడీల్ ఫరీన్‌ని కట్టుకుని వచ్చింది. మొహం ఉబ్బి ఉంది.

"బాబాయ్, వెనక ఎక్కు."

"ఎక్కడికే?"

"ఎక్కమన్నానా! ఒక్కదాన్నే పోవాలంటే నాకు కాళ్ళు రావట్లేదు."

ఎక్కాను. పొగమంచులో గిట్టల చప్పుడు మాదే అయినా, వెనక ఇంకో బండి వస్తున్నట్టు వినిపించింది. ప్లాస్ దియువిల్ దాటాం. ఫరీన్ సన్నటి వీధిలోకి తిరిగింది. కార్లేవీ లేవు. గోడ తడిసి నల్లగా ఉంది. గుర్రం ఆగి, తల పైకెత్తింది. దాని చెవులు ముందుకు నిక్కాయి. అటు చూస్తే తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

ఒడీల్ ఊలు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మదామ్ బియాత్రిస్," అంది. "నేను ఓవిలా గారి తాలూకు మనిషిని. ఆయన రాలేకపోయారు. బండి తెచ్చాను. ఇవాళ దిగి వస్తారా?"

ఎక్కడో ఓడ కూసింది. నేను 'సరే, ఇంకో రోజు' అనమని ఒడీల్‌కి చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు ఫరీన్ తల కిందికి దిగడం మొదలైంది. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి, మెట్లు దిగేవాళ్ళను చూస్తున్నట్టు. ఒక చోట ఆగిపోయి మళ్ళీ కొంచెం పైకి లేచింది. ఒడీల్ గుసగుసగా, "పర్లేదమ్మా, మెల్లిగా. తొందరేం లేదు," అంది. తల మళ్ళీ దిగింది. గుర్రం చూపు నేల మట్టానికి వచ్చింది. తర్వాత ఆ చూపు రోడ్డు దాటి బండి దాకా వచ్చింది.

ఒడీల్ కూర్చున్న పీట ఎడమ పక్క స్ప్రింగు కిర్రుమంది. బండి అటు వంగింది. నేను సీటు అంచు పట్టుకున్నాను. ఒడీల్ అటు చూడలేదు. మెడ తిప్పకుండా, కుడివైపుకి జరిగి చోటిచ్చింది.

ఫరీన్ కదిలింది. నొగల పక్క పట్టీలు బిగుసుకోవడం చూశాను, బరువు పెరిగినప్పటిలా.

సాంపోల్ వీధిలోకి తిరిగాక ఒడీల్ మాట్లాడ్డం మొదలుపెట్టింది. నన్‌లూ జనరళ్ళూ ఎవరూ రాలేదు ఆ మాటల్లోకి.

"ఇదిగో, ఇది రాళ్ళ వీధి. చక్రం ఎగురుతుంది, ఇలా కమ్మీ పట్టుకోండి. ఈ మూల రొట్టెల కొట్టు. వాసన వస్తోందా? ఆ ఎదురుగా, పొగలో పళ్ళెం బోర్లించినట్టు కనబడుతోందే, అదే బోన్సెకూర్ బజారు గుమ్మటం. ఎండ ఉంటే వెండిలా మెరుస్తుంది. మీకు మంచి రోజు దొరకలేదు, ఏమనుకోకండి."

నావికుల చర్చి దగ్గర ఫరీన్ ఆగింది. ఒడీల్ వేలెత్తి పైకి చూపించింది. "పైన మేరీమాత ఉంది. నదివైపు చేతులు చాచి నిలబడింది, వచ్చే ఓడలన్నిటినీ పిలుస్తున్నట్టు. లోపల కప్పు నుంచి చిన్న చిన్న ఓడలు వేలాడుతుంటాయి. ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్ళు ఇచ్చుకున్నవి. మీది గాస్పే కదా, మీకు ఓడలు నేను చెప్పాలా!"

అక్కడ ఏదో అయింది. ఒడీల్ మాట ఆపి, అడిగిన ప్రశ్న వింటున్నట్టు తల కొంచెం ఎడమకి వంచింది. "ఆ... అవును. నది గడ్డకట్టేస్తుంది. జనవరికల్లా," అంది. నాకు ఏ గొంతూ వినబడలేదు.

జాక్ కార్తియే కూడలిలో పూలకొట్లు మూసి ఉన్నాయి. ఎత్తు ఎక్కి, సిటీ హాలు దాటి, నోత్రదామ్ వీధి వెంట తిరిగి వచ్చాం. చర్చి జంట గోపురాల కింద బండి ఆగింది. సరిగ్గా అప్పుడే పెద్ద గంట మోగింది. ఆ గంట మోగితే రొమ్ములో ఎముకలు కదుల్తాయి. ఒడీల్ తల పైకెత్తి గోపురం వైపు చూసింది. గంట ఆగేదాకా ఆ స్ప్రింగు కిందికే ఉంది.

తర్వాత అది లేచింది. బండి తిన్నగా నిలబడింది.

క్లోవిస్ అనే మా బండివాడొకడు అక్కడ కాఫీ తాగుతూ నిలబడి ఉన్నాడు. వాడు మా బండి ఎడమవైపున ఒక అడుగు వెనక్కి వేసి, టోపీ అంచు ముట్టుకుని, "క్షమించండి మదామ్," అని దారి ఇచ్చాడు. ఇచ్చి, తన ముందు ఎవరూ లేరని చూసుకున్నాడు. కప్పులోకి చూశాడు. మా వైపు చూశాడు.

"నేనిప్పుడు ఎవరితో అన్నాను?" అని అడిగాడు.

ఒడీల్ పగ్గాలు వదిలేసి, మొహం చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చింది. నేను క్లోవిస్ చేతిలో కాఫీ లాక్కుని ఆమెకు తాగించాను.

ఆ తర్వాత ఫరీన్ ఆ సన్నటి వీధిలోకి తిరగలేదు. ఒడీల్ ఒకటి రెండుసార్లు కావాలని తిప్పి చూసింది. గుర్రం మామూలు వీధిలా దాటుకుంటూ పోయింది. ఇప్పుడు అక్కడ అద్దాల మేడ లేచింది. కొన్నేళ్ళకు నగరపాలక సంస్థ గుర్రపుబండ్లు వద్దని చట్టం చేసింది. మా బతుకులు తలోదారి పట్టాయి. ఫరీన్‌ని ఒడీల్ వాళ్ళ అన్నయ్య తన పొలానికి తోలుకుపోయాడు. ఒడీల్ వెర్దన్ పేటలో బడిపిల్లలను రోడ్డు దాటించే పనిలో చేరింది. పసుపుపచ్చ కోటు వేసుకుని, చేతిలో ఆపు పలక పట్టుకుని, కార్లవాళ్ళను నోరారా తిడుతుంది.

మొన్న చలికాలంలో వాళ్ళింటికి వెళ్ళాను. బఠాణీల సూపు పెట్టింది. ఆ రోజు సంగతి మేం ఎప్పుడూ ఎత్తుకోలేదు. వయసు మీద పడింది, ఇంకెప్పుడు అడుగుతానని అడిగేశాను.

"చర్చిలోకి వెళ్ళి ఉంటుంది కదే ఆవిడ? ఆయన ఆత్మ అక్కడే ఎదురుచూస్తుండేదేమో."

ఒడీల్ గరిటె పక్కన పెట్టింది.

"నేనూ అలాగే అనుకుందామనుకున్నాను బాబాయ్. కానీ ఫరీన్ ఎటు చూసిందో చూశాను. చర్చి వైపు తిరగనే లేదు. ఎదురు రోడ్డు దాటి, బ్యాంకుల ముందు నుంచి, ఆఫీసులకు పోతున్న జనంలోకి... కనుచూపు మేర చూస్తూనే ఉంది. ఆవిడ ఊళ్ళోకి పోయింది."

"ఒక్కతే?"

"ఒక్కతే. ఇన్నాళ్ళ తర్వాత ఎవరు ఆపుతారు?"

కిటికీ బయట మంచు తోసే బండి గర్జిస్తూ పోయింది. ఒడీల్ గడియారం చూసుకుని, "బడి వదిలే వేళయింది," అంటూ లేచి, పసుపుపచ్చ కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.